శివారు పల్లెల బస్సు రూట్లను మళ్లీ గీయడం: గంటల లెక్క నుంచి టైమ్ టేబుల్ దాకా

ఊరికి బస్సు వేయించాలంటే ఎవరిని అడగాలి, ఉన్న బస్సు టైము మార్పించాలంటే ఏం రాయాలి అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. సర్పంచులు, టీచర్లు, కాలేజీ పిల్లల తల్లిదండ్రులు, ఒక్కోసారి డిపోలో పనిచేసేవాళ్లు కూడా అడుగుతున్నారు. వాళ్లందరి కోసం పని మొత్తాన్ని వరుసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. "మా ఊరికి బస్సు కావాలి" అని అడిగితే ఏదో ఒక బస్సు వస్తుంది, కొన్నాళ్లకు ఖాళీగా తిరిగి ఆగిపోతుంది. "మా ఊళ్లోవాళ్లు ఫలానా టైముకి ఫలానా చోట ఉండాలి" అని అడగాలి. కింద చెప్పే ప్రతి పనీ ఈ మాట మీదే నడుస్తుంది.

ఉదాహరణకు హైదరాబాద్ ఆగ్నేయ శివారు తీసుకుంటున్నాను. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దగ్గర మొదలై, సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, అక్కడి నుంచి యాచారం, మంచాల మండలాల పల్లెలు. ఇబ్రహీంపట్నంలో డిపో ఉంది. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు, ఆదిబట్లలో ఐటీ, విమాన భాగాల కంపెనీలు, కొంగరకలాన్‌లో జిల్లా కలెక్టరేట్ ఉన్నాయి. చేవెళ్ల, మేడ్చల్, ఘట్‌కేసర్ వైపు అయినా, విజయవాడ, విశాఖ శివార్లలో అయినా పద్ధతి ఇదే.

## 1. ముందు హద్దు గీసుకోండి

ఒక్క ఊరి కోసం రూటు గీయకండి. ఒకే రోడ్డు మీద, ఒకే మండల కేంద్రానికి దారితీసే ఐదారు ఊళ్లను కలిపి ఒక గుంపుగా తీసుకోండి. ఒక్క ఊరి జనంతో బస్సు నిండదు. ఐదు ఊళ్లు కలిసి అడిగితే డిపో మేనేజర్ కాదనడం కష్టం.

ఒక్కో ఊరి నుంచి ఇద్దరిని తీసుకోండి, అందులో ఒకరు తప్పకుండా ఆడవాళ్లు ఉండాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పథకమే స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. బస్సు అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లను పక్కన పెట్టి టైములు రాస్తే ఆ కాగితం పనికిరాదు.

## 2. గంటల లెక్క తీయండి

ఎక్కువ సమయం పెట్టాల్సిన పని ఇదే. వారం, పది రోజులు పట్టినా సరే.

ఇంటింటికీ వెళ్లి "బస్సు కావాలా" అని అడిగితే అందరూ కావాలనే అంటారు. అలా కాకుండా ఇలా అడగండి: "అక్కా, నిన్న ఊరు దాటి వెళ్లావా? ఎక్కడికి? ఎన్ని గంటలకు అక్కడ ఉండాలి? ఎలా వెళ్లావు, ఎంత అయింది? తిరిగి ఎప్పుడు వచ్చావు?" నిన్నటి సంగతి అడిగితే నిజం బయటికొస్తుంది. రేపటి సంగతి అడిగితే ఆశ బయటికొస్తుంది.

తర్వాత ఇంకో ప్రశ్న: "వెళ్లాలనుకుని బస్సు లేక మానుకున్నది ఏమైనా ఉందా?" దీని జవాబులు ఏ టికెట్ లెక్కలోనూ దొరకవు. బీపీ మాత్రలకు వెళ్లని ముసలాయన, సాయంత్రం చివరి బస్సు పోతుందని ల్యాబ్ క్లాసు మధ్యలోనే లేచి వచ్చేసే అమ్మాయి, ఆఖరి షిఫ్టు వద్దని ఉద్యోగమే వదులుకున్న కుర్రాడు మీకు ఈ ప్రశ్నతోనే కనబడతారు.

ఎవరెవరి గంటలు రాసుకోవాలంటే:

- బడి, జూనియర్ కాలేజీ, డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల మొదటి గంట, చివరి గంట
- కంపెనీల షిఫ్టులు మారే టైములు
- సరూర్‌నగర్, వనస్థలిపురం రైతు బజార్లకు కూరగాయలు తీసుకెళ్లేవాళ్లు దిగాల్సిన టైము
- ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ ఇచ్చే టైము
- కలెక్టరేట్, తహసీల్దార్ ఆఫీసు, బ్యాంకు పనులు
- ఇళ్లల్లో పనికి, అడ్డా కూలికి వెళ్లేవాళ్లు
- సిటీలో ఉంటూ ఊరికి వచ్చే టీచర్లు, నర్సులు, అంగన్‌వాడీ, పంచాయతీ సిబ్బంది

చివరి వరుసను చాలామంది మరిచిపోతారు. శివారు పల్లెల్లో పొద్దున ఊరి నుంచి బయటికెళ్లే జనం ఎంత ముఖ్యమో, బయటి నుంచి ఊరికి వచ్చే జనమూ అంతే ముఖ్యం. అటు ఖాళీగా వెళ్లే బస్సులో టీచర్లను ఎక్కిస్తే ఆ ట్రిప్పు నిలబడుతుంది, బడి కూడా టైముకి మొదలవుతుంది.

అంతా అయ్యాక అరగంటకో గడి చొప్పున పట్టిక వేయండి. అడ్డంగా గమ్యాలు, నిలువుగా టైములు, గడిలో మనుషుల సంఖ్య. నిండుగా కనిపించే గడులే మీ రూటు.

## 3. డిపో దగ్గర ఉన్న లెక్క తీసుకోండి

కండక్టర్ చేతిలోని టికెట్లిచ్చే టిమ్ మిషన్‌లో ప్రతి టికెట్టుకీ ఎక్కిన స్టేజీ (ఛార్జీ లెక్క కోసం దారిని విడగొట్టిన ముక్క), దిగిన స్టేజీ, టైము పడతాయి. ఆడవాళ్లకు ఇచ్చే జీరో టికెట్లూ అందులోనే ఉంటాయి కాబట్టి వాళ్ల ప్రయాణం కూడా లెక్కలోకి వస్తుంది. డిపోలో ట్రిప్పుల వారీగా కనీసం ఒక మామూలు నెల లెక్క అడగండి. ఎండాకాలం సెలవులు, దసరా, సంక్రాంతి పడిన నెల వద్దు.

- ట్రిప్పుల వారీగా ఎక్కినవాళ్లు, స్టేజీల వారీగా
- కిలోమీటరుకు వచ్చే రాబడి, అంటే డిపో భాషలో ఈపీకే
- సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పే ఓఆర్
- రద్దయిన ట్రిప్పులు, వాటి కారణాలు
- బస్సు ఖాళీగా డిపోకు వెళ్లి వచ్చే కిలోమీటర్లు

మర్యాదగా అడిగితే సాధారణంగా చూపిస్తారు. కుదరకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. తెలంగాణ ఆర్టీసీ 2023లో విలేజ్ బస్ ఆఫీసర్ల పద్ధతి తెచ్చింది. మీ ఊరికి ఎవరిని పెట్టారో కనుక్కుని మొదటి రోజే కలవండి.

ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. మిషన్‌లో ఉన్నది స్టేజీ, మనిషి నిలబడ్డ స్టాపు కాదు. మిషన్‌లో పడినవాళ్లు ఎక్కినవాళ్లు మాత్రమే. బస్సు నిండి ఎక్కలేక ఆగిపోయినవాళ్లు, విసిగి ఆటో ఎక్కినవాళ్లు అందులో లేరు. పొద్దున పదకొండున్నర బస్సు ఖాళీగా ఉందంటే ఆ ఊరికి బస్సు అక్కర్లేదని అర్థం కాదు, ఆ టైముకి అక్కర్లేదని.

## 4. రోడ్డు మీదికి వెళ్లి చూడండి

పొద్దున ఆరు నుంచి పది వరకు, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు ఊరి స్టాపులో ఒకరిని కూర్చోబెట్టండి. ప్రతి బస్సు, ప్రతి సర్వీస్ ఆటో వచ్చిన టైము, ఎక్కినవాళ్లు, మిగిలినవాళ్లు రాయాలి. రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం, ఒక అంగడి రోజు చాలు.

రోడ్డు సంగతులు డ్రైవర్‌ను వెంటబెట్టుకుని చూడాలి. ఆయన కంటికి పడేవి మనకు పడవు.

- 12 మీటర్ల బస్సు ఒక్క తిప్పులో మళ్లాలంటే దాదాపు 25 మీటర్ల వెడల్పు జాగా కావాలి. లేకపోతే రివర్స్ తీసుకోవాలి, అది బడి ముందు అసలే వద్దు.
- ఒంటి వరుస రోడ్డు మీద ఎదురొచ్చే లారీకి దారి ఇవ్వడానికి అంచులు గట్టిగా ఉన్నాయా
- వానాకాలంలో కల్వర్టు మీద, రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయా
- కిందికి వేలాడే కరెంటు తీగలు, కొమ్మలు
- కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారా, బోనాలు, బతుకమ్మ రోజుల్లో దారి మూస్తారా

ఆరబోత గురించి పంచాయతీలో ముందే మాట్లాడుకోండి. సగం రోడ్డును వడ్లు ఆక్రమిస్తే బస్సు పది నిమిషాలు వెనకబడుతుంది, ఇబ్రహీంపట్నంలో అందాల్సిన సిటీ బస్సు పోతుంది.

## 5. రూటు గీయడం: కాండం ఒకటి, కొమ్మలు కొన్ని

మన శివార్లలో ఇన్నాళ్లూ అలవాటైన పద్ధతి, ఊరి నుంచి నేరుగా కోఠి దాకో, ఎంజీబీఎస్ బస్టాండ్ దాకో రోజుకు రెండు ట్రిప్పులు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ బస్సు రోజులో ఎక్కువ భాగం సిటీ ట్రాఫిక్‌లోనే ఇరుక్కుని ఉంటుంది. అక్కడ ఆలస్యమైతే ఆ దెబ్బ సాయంత్రం మీ ఊరి స్టాపులో నిలబడ్డవాళ్ల మీద పడుతుంది.

దీనికి బదులు చెట్టులా గీయండి. సాగర్ రోడ్డు కాండం. దాని మీద ఎల్బీనగర్, ఇబ్రహీంపట్నం మధ్య సిటీ బస్సులు తరచుగా ఎలాగూ నడుస్తాయి. పల్లెల దారులు కొమ్మలు. కొమ్మ బస్సు ఊరి నుంచి ఇబ్రహీంపట్నం దాకానే వస్తుంది, అక్కడ జనం కాండం బస్సు ఎక్కుతారు.

మచ్చుకు ఒక లెక్క. ఇబ్రహీంపట్నానికి 16 కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు ఉందనుకోండి. అక్కడి నుంచి కోఠికి నేరుగా రెండుసార్లు వెళ్లి వస్తే 180 కిలోమీటర్లు తేలిగ్గా అవుతుంది, ఊళ్లోవాళ్లకు దొరికేది రెండే బస్సులు. అదే బస్సు ఇబ్రహీంపట్నం దాకా తిరిగితే 224 కిలోమీటర్లలో ఏడుసార్లు వెళ్లి వస్తుంది. కిలోమీటర్లు నాలుగో వంతు పెరిగితే బస్సులు మూడున్నర రెట్లు పెరిగాయి.

అయితే బస్సు మారడం అందరికీ ఒకటి కాదు. రెండు కూరగాయల గంపలతో ఎక్కిన రైతమ్మను చూడండి. ఒక గంప కండక్టర్ అందిస్తే ఇంకొకటి ఎవరో పైకి లాగాలి. ఇబ్రహీంపట్నంలో అదంతా దించి, ఇంకో బస్సులోకి మళ్లీ ఎక్కించమనడం అన్యాయం. డయాలిసిస్‌కు వెళ్లే మనిషికీ అంతే. అందుకని తెల్లవారుజామున ఒక ట్రిప్పు నేరుగా రైతు బజారు మీదుగా సిటీకి వెళ్లేలా, మధ్యాహ్నం ఒకటి నేరుగా తిరిగి వచ్చేలా ఉంచండి. దాన్ని ఏడు రౌండ్లు తిరిగే కొమ్మ బస్సుతో కాకుండా వేరే బస్సుతో అడగండి. ఈ ట్రిప్పుల విషయంలో నేనైతే రాజీ పడను.

గీసేటప్పుడు గుర్తుంచుకోండి:

- ఐదు ఊళ్లనూ ఒకే రింగులో చుట్టే రూటు వద్దు. మొదటి ఊళ్లో ఎక్కినవాళ్లు నాలుగు ఊళ్లు తిరిగి గమ్యం చేరాలి. పోయిన దారినే తిరిగి రావాలి.
- మెయిన్ రోడ్డుకు కిలోమీటరు లోపు ఉన్న గూడెం కోసం ప్రతి ట్రిప్పునూ లోపలికి తిప్పకండి. పొద్దున, సాయంత్రం ట్రిప్పులు మాత్రం లోపలికి పంపి, మిగతా వేళల్లో రోడ్డు మీద నీడ, లైటు ఉన్న స్టాపు అడగండి.
- మారే చోట ముందు ఊళ్ల నుంచే నిండి వచ్చే బస్సు మీద ఆధారపడకండి. ఇబ్రహీంపట్నంలోనే బయలుదేరే బస్సుకు కలపండి, సీటు దొరుకుతుంది.
- కాలేజీ ఉన్న దారి, బస్సు దారి వేరైతే కాలేజీ యాజమాన్యాన్ని కూర్చోబెట్టి గేటు ముందు స్టాపు మాట్లాడండి.

## 6. టైమ్ టేబుల్: చేరే టైము నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మొదట చేరాల్సిన టైము రాయండి. కాలేజీ గంట తొమ్మిదింటికి అయితే, బస్టాండ్ నుంచి నడకకు పది నిమిషాలు, ఆలస్యానికి ఐదు నిమిషాలు. అంటే బస్సు 8:45కి ఇబ్రహీంపట్నం చేరాలి. దారి 45 నిమిషాలైతే ఊళ్లో ఎనిమిదింటికి బయలుదేరాలి. ఇలా నిండు గడులన్నిటికీ చేయండి.

తర్వాత రౌండ్ టైము చూడండి. వెళ్లడానికి 45, ఊళ్లో ఆగడానికి 15, రావడానికి 45, ఇబ్రహీంపట్నంలో ఆగడానికి 15. మొత్తం సరిగ్గా రెండు గంటలు. ఇలా పూర్తి గంటలకు సరిపోతే జనానికి గుర్తుంటుంది: ఊళ్లో ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. ఇబ్రహీంపట్నంలో ఏడు, తొమ్మిది, పదకొండు, ఒంటిగంట, మూడు, ఐదు, ఏడు. బోర్డు చూడకుండానే ముసలమ్మ కూడా చెప్పగలగాలి.

ఆగే పదిహేను నిమిషాలు వృథా అనుకుని కోసేయకండి. పొద్దున పది నిమిషాలు ఆలస్యమైన బస్సు మధ్యాహ్నానికి తన టైముకి తిరిగి రావాలంటే ఆ ఖాళీ ఉండాలి. డ్రైవర్‌కు నీళ్లు తాగడానికి, మూత్రానికి వెళ్లడానికి కూడా అదే సమయం.

చెక్ లిస్ట్:

- కొమ్మ బస్సు చేరిన 5–10 నిమిషాల్లో కాండం బస్సు బయలుదేరుతోందా?
- సాయంత్రం చివరి కొమ్మ బస్సు, సిటీ నుంచి వచ్చే బస్సు కోసం పది నిమిషాలు ఆగాలని కంట్రోలర్ దగ్గర రాసి ఉందా?
- కాలేజీ వదిలిన అరగంటలో బస్సు ఉందా?
- ఆదివారం టైములు వేరే రాశారా?
- పరీక్షల నెలలో అదనపు ట్రిప్పు ఎవరు అడగాలో తేలిందా?

## 7. సిబ్బంది, నైట్ హాల్ట్

చాలా ప్రతిపాదనలు డిపోలో తిరగ్గొట్టేది ఇక్కడే. కాగితం మీద బస్సు పొద్దున ఆరు నుంచి రాత్రి పదింటి దాకా తిరుగుతుంది. మనిషి తిరగలేడు.

1961 మోటారు రవాణా కార్మికుల చట్టం నాటి నుంచి ఉన్న హద్దులు ఇవి: రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. ఐదు గంటలకు మించకుండా నడిపాక అరగంట విశ్రాంతి. ఇవాళ్టి డ్యూటీ దిగాక మళ్లీ ఎక్కేలోపు వరసగా 9 గంటల విశ్రాంతి. ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలను డిపోలో ఒకసారి సరిచూసుకోండి.

మన ఉదాహరణలో రాత్రి తొమ్మిదికి ఇంకో ట్రిప్పు కలిపామనుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఇబ్రహీంపట్నంలో బయలుదేరిన బస్సు 9:45కి ఊరు చేరి పడుకుంటే, పొద్దున ఆరింటికి అదే సిబ్బంది బండి తీయాలి. మధ్యలో 8 గంటల 15 నిమిషాలే ఉంది. కుదరదు. ఇలా విడగొట్టండి: మధ్యాహ్నం ఒంటిగంటకు డ్యూటీ ఎక్కిన డ్రైవర్, కండక్టర్ జత 7:45కి ఊరు చేరి రాత్రికి ఆగుతుంది, మర్నాడు ఆరింటికి బయలుదేరి 12:45కి ఇబ్రహీంపట్నంలో రెండో జతకు బస్సు అప్పగిస్తుంది. మధ్యలో 10 గంటల 15 నిమిషాల విశ్రాంతి దొరుకుతుంది. అరగంట విరామం కోసం ఒక రౌండ్ దగ్గర పావుగంట సర్దాలి. రాత్రి తొమ్మిది ట్రిప్పును డిపోకు తిరిగి వెళ్లే వేరే బస్సుతో అడగండి.

ఆ తొమ్మిది ట్రిప్పు లేకపోతే షిఫ్టు ఉద్యోగాలు, సాయంత్రం కాలేజీలు మీ ఊరికి లేనట్టే. పొద్దున బస్సు దొరికినా రాత్రి తిరిగి వచ్చే బస్సు లేదంటే ఆడపిల్లను ఇంట్లోవాళ్లు పంపరు.

నైట్ హాల్ట్ బస్సు వల్లే పొద్దున మొదటి ట్రిప్పు ఊరి నుంచి మొదలవుతుంది, డిపో నుంచి ఖాళీగా రావక్కర్లేదు. కాబట్టి డ్రైవర్, కండక్టర్‌కు ఊరు ఏం ఇస్తుందో ముందే తేల్చండి:

- తాళం వేసుకోగల గది, ఫ్యాన్, రెండు మంచాలు, దోమతెరలు
- శుభ్రమైన మరుగుదొడ్డి, స్నానానికి నీళ్లు
- కండక్టర్ డబ్బు సంచి, టిమ్ మిషన్ పెట్టుకోవడానికి బీరువా
- బస్సు నిలిపే చోట లైటు
- రాత్రి భోజనం, డబ్బులు తీసుకునే పెట్టినా సరే

ఇవి లేకుండా నైట్ హాల్ట్ అడిగితే ఎక్కువ రోజులు నిలవదు.

## 8. ఛార్జీలు, పాసులు

బస్సు మారితే జీరో టికెట్ ఉన్న ఆడవాళ్లకు తేడా ఉండదు. మగవాళ్లు రెండు టికెట్లు తీయాలి, కలిపితే నేరుగా వెళ్లేదానికన్నా ఎక్కువ పడొచ్చు. ఎంత తేడానో లెక్క కట్టి ప్రతిపాదనలో రాయండి, రెండు బస్సులకూ కలిపి ఒకే కాంబి టికెట్ ఇవ్వమని అడగండి. పిల్లల పాసు సిటీ పరిధిదా, రూట్ పాసా చూడండి. రూటు మార్చాక పాసు చెల్లకపోతే ఆ ఏడాదంతా గొడవే.

## 9. ఊరి ముందు పెట్టి, డిపోకు ఇవ్వండి

టైమ్ టేబుల్ సిద్ధమయ్యాక గ్రామసభలో చదివి వినిపించండి. దీనివల్ల ఎవరికి కష్టమో కూడా అక్కడే చెప్పండి. పాత నేరు బస్సు పోతుందని దాచిపెడితే, మొదటి వారంలోనే రాస్తారోకో అవుతుంది.

డిపో మేనేజర్‌కు ఇచ్చే ఫైల్లో ఉండాల్సినవి:

- ఐదు ఊళ్ల గ్రామసభ తీర్మానాలు
- గంటల పట్టిక, ఒక్క పేజీలో
- పాత రూటు, కొత్త రూటు కిలోమీటర్లు, బస్సులు, సిబ్బంది జతలు పక్కపక్కన
- రోడ్డు మీద చేయాల్సిన పనులు, ఎవరు చేస్తారో
- నైట్ హాల్ట్ వసతి ఫొటోలు
- మూడు నెలల ట్రయల్ కోసం వినతి

కాపీలు రీజినల్ మేనేజర్‌కు, కలెక్టర్‌కు, ఎమ్మెల్యేకు పంపండి. "డయల్ యువర్ డీఎం" (డీఎం అంటే డిపో మేనేజర్) కార్యక్రమం పెట్టిన రోజు ఫోన్ చేసి ఫైలు సంగతి గుర్తుచేయండి.

2021లో మంచాల మండలం నుంచి ఒక బడిపిల్ల సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే, కరోనా వేళ ఆగిపోయిన బస్సు మళ్లీ వచ్చింది. ఆ పిల్ల ధైర్యానికి దండం పెట్టాలి. కానీ బడికి వెళ్లే బస్సు కోసం ఒక పిల్ల అంత పైదాకా రాయాల్సి రాకూడదు. ఆ పని పెద్దవాళ్లం చేయాలి, పైన చెప్పిన ఫైలు అందుకే.

## 10. ట్రయల్ మూడు నెలలు

కొత్త బస్సు ఉందని జనానికి తెలియడానికే ఒక నెల పడుతుంది. పది రోజుల కలెక్షన్ చూసి తీసేస్తామంటే ఒప్పుకోకండి.

స్టాపు దగ్గర టీ కొట్టులోనో, కిరాణా షాపులోనో ఒక నోటుబుక్ పెట్టండి. బస్సు వచ్చిన టైము, రాని రోజు, ఎక్కలేక మిగిలినవాళ్ల సంఖ్య. అంతకుమించి ఏమీ రాయనక్కర్లేదు. ఆర్టీసీ గమ్యం యాప్‌లో బస్సు కనిపిస్తే పిల్లలు చూసుకుంటారు, ఫోన్ లేనివాళ్ల కోసం మాత్రం స్టాపులో పెయింటుతో పెద్ద అక్షరాల్లో టైములు రాయించండి. ఫ్లెక్సీ ఒక్క వానకు చిరిగిపోతుంది.

ప్రతి నెలా డిపోలో కూర్చుని నాలుగు విషయాలు చూడండి: రద్దయిన ట్రిప్పులు, ఐదు నిమిషాలకు మించి ఆలస్యమైనవి, తప్పిపోయిన కనెక్షన్లు, ఒక్కో ట్రిప్పులో ఎక్కినవాళ్లు. మూడో నెల తర్వాత ఒక్కసారే టైములు సవరించండి. వారానికోసారి మారిస్తే ఎవరూ నమ్మరు.

## 11. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

బస్సు ముందు ఆటో వెళ్లిపోతోంది. ఆటోవాళ్లతో గొడవ వద్దు. బస్సు రోజుకో టైముకి వస్తున్నంత కాలం ఆటోనే గెలుస్తుంది. ముందు టైము నిలబెట్టండి, తర్వాత ఆటోలను బస్సు వెళ్లని గూడేల నుంచి స్టాపు దాకా తిప్పమని మాట్లాడండి.

పొద్దున కిక్కిరిసి, మధ్యాహ్నం ఖాళీ. మధ్యాహ్నం రెండు ట్రిప్పుల్లో ఒకటి తీసి, ఆ కిలోమీటర్లతో పొద్దున ఇరవై నిమిషాల ముందు ఇంకో ట్రిప్పు అడగండి. దానికి అదనపు బస్సు కావాలి కాబట్టి, స్కూల్ ట్రిప్పు ముగించిన బస్సు ఏదైనా దొరుకుతుందేమో డిపోలో చూడండి.

వానాకాలంలో ట్రిప్పులు రద్దు. కల్వర్టు మునిగితే బస్సు ఏ ఊళ్లో తిరగాలో, ఏ దారిన వెళ్లాలో జూన్‌కు ముందే రాసుకోండి. ఆ కాగితం డ్రైవర్ దగ్గర, కంట్రోలర్ దగ్గర, పంచాయతీ ఆఫీసులో ఉండాలి.

ఊరి పెద్ద ఇంటి ముందు స్టాపు. బస్సు మళ్లే చోటు బడికి, దళితవాడకు, ఆసుపత్రికి మధ్యలో ఉండాలి. దీని మీద ఒత్తిడి వస్తుంది. గ్రామసభ తీర్మానంలో స్టాపు పేరు కూడా రాయించి పెట్టుకుంటే తర్వాత ఎవరూ కదిలించలేరు.

డిపో మేనేజర్ బదిలీ. కొత్తాయన వచ్చిన వారంలోనే ఫైలు కాపీ, నోటుబుక్ లెక్క తీసుకుని వెళ్లి కలవండి. పాతాయన నోటిమాటగా ఒప్పుకున్నవి ఏవైనా ఉంటే, ఆయన ఉండగానే కాగితం మీద పెట్టించుకోండి.